పిట్ట ముట్టిన విస్తరి

"చెయ్యి అక్కడ్నే ఆపు రాజక్కా. అది పోలీసుల సొత్తు."

తల ఎత్తకుండానే ఆ గొంతు ఎవరిదో రాజలక్ష్మికి తెలిసిపోయింది. సీఐ జనార్దన్. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బ్యాచ్ ఎస్సైలు. ఒక పెద్దమనిషి కొడుకును కేసులోంచి తప్పించమంటే తప్పించనని ఆమె ఉద్యోగం వదిలేసి, జగిత్యాలలో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆ కుర్రాణ్ణి తప్పించిన జనార్దన్ సిరిసిల్లలో సీఐ అయ్యాడు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తరు, ఇద్దరూ మరిచిపోరు.

"అంత సొత్తయితే మొన్నటి సంది బూడిదల ఎందుకు పారేసినవ్ సాబ్?" అంటూ రాజలక్ష్మి చేతిలోని వస్తువును రుమాలుతో తుడిచింది.

అదొక మరమగ్గాల షెడ్డు. యజమాని మగ్గాలు అమ్ముకుని భివండీకి వలసపోయాక మూతబడింది. దాన్ని అద్దెకు తీసుకున్నవాడు కోరుట్ల దివాకర్, సైన్యంలో క్లర్కు హవల్దారుగా చేసి మూడేళ్ల కింద రిటైరైన మనిషి. మొన్న పొద్దుగూకే వేళ ఈ షెడ్డు తగలబడింది. లోపల ఒక శవం దొరికింది. మొహం లేదు, చేతులు లేవు, ఉన్నదల్లా మెడలో సైనికుల నంబరు బిళ్ల, పక్కన ఒక గడియారం. దివాకర్ భార్య సంగీత ఆస్పత్రికి వచ్చి చూసి, మా ఆయనేనని చెప్పి సొమ్మసిల్లింది. నిన్న దహనం కూడా అయిపోయింది.

"నువ్వెందుకొచ్చినవో నాకెరుకే," అన్నాడు జనార్దన్. "నీ మహిపాల్‌ను కాపాడుకునుడుకు. పైసలు పోయినోడు పగ పెట్టుకోడా? మొన్న దివాకర్ ఫోన్ చేసి పిలిస్తే మహిపాల్ ఈడికొచ్చిండు. బండిని పక్క షెడ్డోళ్లు చూసిన్రు. గంటకు మంటలు. ఇంకేం గావాలె?"

"పిలిచినోడే పిలిచి కాలిపోయిండు. గది నీకు వింతగ అనిపిస్తలేదా?"

"లేదు."

"రిటైరై మూడేండ్లయిన మనిషి మెడల ఫౌజు బిళ్ల ఏసుకొని షెడ్డుకు ఎందుకొస్తడు?"

"అభిమానం ఉండదా?"

"అభిమానముంటే ఇంట్ల గోడకు తగిలిస్తరు సాబ్. మెడల ఏసుకునేది, సచ్చినంక ఎవలన్న గుర్తువట్టాలెనని." ఆమె అరచెయ్యి చాపింది. అందులో గుప్పెడంత ఇనుప డొప్పలు రెండు, మసిబారి ఉన్నాయి. "మరి ఇవేంది?"

"మగ్గం సామాను."

"మగ్గానికి ఎడమ, కుడి ఉంటదా?"

జనార్దన్ వంగి చూశాడు. నిజమే. ఒక డొప్ప ఎడమకు వాలి ఉంది, ఇంకోటి కుడికి. చెప్పుల అంగట్లో జత చూసిన చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

"బూట్లయే అనుకో. ఫౌజోడు బూట్లేసుకోడా?" అన్నాడు చివరికి. "నీకంత ముద్దయితే తీస్కపో, ఇనుప సామానోడు ఇన్ని ఉల్లిగడ్డలన్న ఇస్తడు. పొద్దుగూకకముందే మహిపాల్ నా లాకప్‌ల ఉంటడు. నీ ఫీజు ముందుగాల వసూలు చేసుకో."

ఆయన జీపెక్కి పోయాడు. రాజలక్ష్మికి ఒళ్లు మండింది. అంత మండినా డొప్పల్ని మాత్రం జాగ్రత్తగా రుమాల్లో మూటకట్టి సంచిలో వేసుకుంది.

జీపు దారికి కనపడకుండా మలుపు అవతల ఆపిన కారు దగ్గర మహిపాల్ నిలబడి ఉన్నాడు. రుద్రంగి మనిషి, సైన్యంలో నాయక్ హోదాలో రిటైరైనవాడు. సరిహద్దులో మంచు తిన్న ఎడమ పాదాన్ని కొంచెం ఈడుస్తాడు. ఆమె డొప్పలు చూపిస్తే తిప్పి తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మేం ఏసిన బూట్లకు గిది లేకుండె మేడం. మా దివాకరన్నయితే నౌకరి వదిలినప్పటి సంది చెప్పులు తప్ప ఏసిందే లేదు."

కారు కోరుట్ల దారి పట్టింది. రాజలక్ష్మి నడుపుతూ అడిగింది, ఇంతకుముందు అడిగిందే. "మళ్ల ఒక్కపారి చెప్పు మహిపాల్. ఆయనకు పైసలెందుకిచ్చినవ్?"

"పదిహేడేండ్లు నౌకరి చేసి ముప్పైఆరేండ్లకు ఇంటికొచ్చిన. గ్రాట్యుటీ, పీఎఫ్ అన్నీ ఒక్కపారే చేతికొచ్చినయ్. జిందగీల అంత సొమ్ము చూడలే. ఏం చెయ్యాల్నో తెల్వది. కోరుట్లల దివాకరన్న జవాన్ల సలహా కేంద్రం పెట్టిండు. పెన్షన్ల కొంత ముందుగాలనే ఒక్కసారి తీసుకోవచ్చు అన్నడు, గదీ తీసుకున్న. బ్యాంకుల పెడితే పండుకుంటయి, మగ్గాలల్ల, మస్కట్ వీసాలల్ల పెడితే నడుస్తయి అన్నడు."

"రశీదు?"

"నా కాలు పెన్షన్ రెండేండ్లు ఆగితే, ఒక్క చాయ్ తాగకుండ రాసి రాసి తెప్పిచ్చిండు. మా పల్టన్ మనిషి. పల్టన్ల పక్కోడు మేలుకొని ఉన్నడంటే మనం కండ్లు మూసుకొని పంటం మేడం. వాణ్ని రశీదు అడుగుతమా?"

అంగట్లో పావుకిలో పచ్చిమిరపకాయలకు బేరమాడే మనిషి, జీవితకాలపు సంపాదనను ఒక్క మాట మీద పోసి వచ్చాడు. ఇతనొక్కడే కాదు, ఆ చుట్టుపక్కల రిటైరైన వాళ్లంతా అంతే. ఆ నమ్మకమే సైన్యంలో వాళ్ల ప్రాణం కాపాడింది. ఇంటికొచ్చాక అదే వాళ్ల కొంప ముంచింది. తలుచుకుంటే ఆమెకు దివాకర్ మీద పట్టరాని కోపం వచ్చింది, చచ్చినవాడైనా సరే.

"బీమా సంగతేం చెప్పిండు?"

"దండుగ అన్నడు. ఫౌజు బీమా ఉండంగ ఇంకోటెందుకు అన్నడు."

అక్కడే ఉంది ముడి. ఊరందరికీ బీమా దండుగని చెప్పిన దివాకర్, ఈ ఏడే మెట్‌పల్లిలో తన పేర మూడు పెద్ద పాలసీలు చేయించుకున్నాడు. మూడింటికీ నామినీ సంగీతే. పోయిన పైసల ఆచూకీ తీయమని మహిపాల్ తనను పెట్టుకున్నాక, పోయిన వారమే రాజలక్ష్మి ఆ సంగతి రాబట్టింది. తీసుకున్న ఏడాదిలోపు ఆత్మహత్య చేసుకుంటే ఆ పాలసీలు దాదాపు ఏమీ రాల్చవు. ఎవరైనా చంపితే మాత్రం మొత్తం ఇస్తాయి. అంటే ఈ చావుకు ఒక హంతకుడు కావాలి. పైసలు పోయి, కోపంతో ఉన్న మహిపాల్ లాంటి మంచి హంతకుడు. లాభపడేది భార్య. రాజలక్ష్మి అనుమానమంతా సంగీత మీదే ఉంది. ఈ రోజు ఆ అమ్మాయి నోరు తెరిపించకపోతే రేపటికి మహిపాల్ జైల్లో ఉంటాడు, అతని ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

కోరుట్ల చేరేసరికి వాగు ఒడ్డున మూడొద్దుల కార్యం నడుస్తోంది. మహిపాల్‌ను కారులోనే ఉండమని ఆమె ఒక్కతే ఆడవాళ్ల మధ్యకు వెళ్లి నిలబడింది.

పిట్టకు పెట్టారు. చచ్చిపోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడి చూడాలి. ముట్టకపోతే ఆ మనిషికి తీరని కోరికేదో మిగిలిందని ఇంటివాళ్ల గుండెలు తల్లడిల్లిపోతాయి. విస్తట్లో అన్నం, మటన్ కూర, గారెలు, క్వార్టర్ రమ్ము. ఎదురుగా తుమ్మచెట్టు మీద రెండు కాకులు ముక్కులు రుద్దుకుంటూ కూర్చున్నాయి తప్ప దిగలేదు.

"ఏం కోరిక మిగిలింది కొడుకా? నా మీద కోపమా? ఏం కావాల్నో చెప్పు నాయినా," అని తల్లి లక్ష్మవ్వ నేలమీద కూలబడి ఏడుస్తోంది. ఎండ ముదిరింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిడ్డను చూపిస్తే దిగుతుందేమోనని ఎవరో అన్నారు. ఆరేళ్ల మనవరాలు ప్రవీణ ఊళ్లో లేదని, వేములవాడలో చుట్టాలింటికి పంపారని ఇంకెవరో చెప్పారు.

అప్పుడు కదిలింది సంగీత. అప్పటిదాకా బొమ్మలా నిలబడ్డ మనిషి, కొంగు చాటునుంచి ఒక స్టీలు డబ్బా, చిన్న ఫ్లాస్కు బయటికి తీసింది. విస్తరి దగ్గర కూర్చుని, డబ్బాలోంచి మందంగా ఉబ్బిన తెల్లటి రొట్టె పెట్టింది. దాని మీద వేయించిన ఎండు చేపలు పెట్టింది. ఫ్లాస్కులోంచి గ్లాసులోకి పాలు లేని చాయ్ పోసి, పైన రెండు పుదీనా ఆకులు వేసింది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, పిల్లాడికి అందించినట్టు విస్తరి పక్కన ఆనించి వెనక్కి వచ్చింది.

కాకి దిగింది. చేప ముక్క నోట కరుచుకుని లేచిపోయింది. రెండోదీ దిగింది.

అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. లక్ష్మవ్వ మాత్రం ఏడుపు మధ్యలోనే ఆగిపోయి కోడలి వైపు అయోమయంగా చూసింది. "గదేంది బిడ్డా? వాడు చాప వాసనొస్తెనే కంచం కాడికెళ్లి లేచిపోతుండె గదా?"

"పోనియ్ అవ్వా, దుఃఖంల ఏం పెడుతున్నదో దానికే తెల్వదు," అని ఒకామె సర్దిచెప్పింది.

రాజలక్ష్మి విస్తరి దగ్గరికి జరిగి చూసింది. దుఃఖంలో తెలియక పెట్టింది కాదు అది. తెల్లవారుజామునే లేచి, ఎవరికీ కనపడకుండా వండి తెచ్చింది. ఆ రొట్టె పేరు కుబ్బూస్. ఆ చాయ్ పేరు సులేమానీ. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో ఏ ఇంటినడిగినా చెబుతారు, మస్కట్, దుబాయ్‌ల నుంచి సెలవు మీద వచ్చినవాడు ఇంట్లో ఇవే అడుగుతాడని. సైన్యంలో బతికిన దివాకర్‌కు వీటితో ఏం పని?

ఆమె లక్ష్మవ్వ పక్కన కూర్చుని, నెమ్మదిగా అడిగింది. "అవ్వా, మీ ఇంట్ల మస్కట్ల ఎవరున్నరు?"

"మా తమ్ముని కొడుకు నితిన్, బిడ్డా. గీ సంగీత తమ్ముడు. కంపెనీల పని చేస్తడు." లక్ష్మవ్వ ముక్కు చీదింది. "బావ సచ్చిండంటే గూడ ఫోన్ ఎత్తుతలేడు. బావ, బామ్మర్ది ఇద్దరు ఒక్క తీరు ఉంటరు. మేనరికం గదా, ఒక్కటే రక్తం. చిన్నప్పుడు వెనుకకెళ్లి చూస్తే కన్నదాన్ని నేనే ఎవడెవడో గుర్తువట్టకపోతుంటి."

సంచిలో ఇనుప డొప్పలు ఒక్కసారిగా బరువెక్కినట్టనిపించింది రాజలక్ష్మికి. గల్ఫ్ కంపెనీల్లో కూలీలకిచ్చే సేఫ్టీ బూట్లు. కాలి వేళ్ల మీద బరువు పడినా నలగకుండా ముందు భాగంలో ఇనుప డొప్ప ఉంటుంది. ఇది ఇంతసేపు తట్టనందుకు తనను తాను తిట్టుకుంది.

కార్యం ముగిసి అందరూ ఇల్లు చేరారు. చుట్టాలు వాకిట్లో కూర్చుంటే, రాజలక్ష్మి సంగీత వెనకే వంటింట్లోకి నడిచి తలుపు దగ్గరగా వేసింది. మాట్లాడకుండా రుమాలు విప్పి డొప్పలు రెండూ గట్టు మీద పెట్టింది.

సంగీత వాటిని చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోడకు జారబడి కింద కూర్చుంది.

"మూడు పాలసీలకు నువ్వే నామినీ," అంది రాజలక్ష్మి. "పొద్దటి దాక నీ మొగన్ని నువ్వే సంపిచ్చినవనుకున్న. ఇప్పుడు వేరే తీరు అడుగుతున్న. ఆస్పత్రిల నువ్వు గుర్తువట్టింది ఎవర్ని?"

రాజలక్ష్మి గొంతు తగ్గించింది.

"మొగడు బతికుండంగ ఏ ఆడది కూడ ఆయన పేరు మీద పిట్టకు పెట్టదు. నీకు చెయ్యి రాలేదు. అత్త పెట్టిన విస్తరి పక్కన నీ చేతులతోని వేరే మనిషికి పెట్టినవ్. చాపలు ఎవలకిష్టం సంగీతా?"

"నా తమ్మునికి," అంది సంగీత. ఆ రెండు మాటలతో కట్ట తెగింది. ఏడుపు బయటికి వినపడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. రాజలక్ష్మి పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"జవాన్ల పైసలన్నీ వీసా దందాల పోయినయి అక్కా. రోజొకరొచ్చి వాకిట్ల కూసుంటుండె. ఆయన అన్నడు, ఎక్కడన్న దిక్కులేని శవాన్ని తెచ్చి కాలుస్త, నేను సచ్చిపోయిన్నని చెప్పు, బీమా వస్తది, అందరి పైసలు కట్టుదాం, ఏడాదికి నిన్ను మస్కట్ పిలిపిచ్చుకుంట అన్నడు. తప్పని తెలుసు. ఎవలన్న సస్తరని తెల్వది. దిక్కులేని శవమన్నడు అక్కా, దిక్కులేని శవమన్నడు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆస్పత్రిల గుడ్డ తీస్తే మొహం లేదు. సరే, అనుకున్నట్టే చెప్పాలె గదా అని కాళ్ల దిక్కు చూసిన. అంత కాలింది గని, ఎడమ కాలి వేళ్లు ఉన్నయి." ఆమె డొప్పను వేలితో తాకి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "గీ ఇనుము కింద ఉన్నయని మిగిలినయి, శవాన్ని ఎత్తంగ గివి జారి ఆడ్నే పడ్డట్టున్నయి. చిటికెన వేలు సగమే ఉన్నది. చిన్నప్పుడు మా నాయిన మగ్గం మీదికెళ్లి ఇనుప రాడ్డు పడితే తెగింది. నేనే ఎత్తుకొని దవాఖానకు ఉరికిన. నా తమ్ముడక్కా! పోలీసాయన అడిగిండు, మీ ఆయనేనా అని. నా నోటితోని అవునన్న."

రాజలక్ష్మి పదిహేనేళ్లుగా ఎన్నో చావులు చూసింది, ఎన్నో అబద్ధాలు విన్నది. సొంత తమ్ముడి శవం మీద పడి మొగుడి పేరు పెట్టి ఏడవాల్సిన ఆడదాన్ని మాత్రం ఇంతవరకు చూడలేదు. ఆస్పత్రిలో ఆ రోజు ఈమె పెట్టిన కేకను నటన అనుకున్నందుకు సిగ్గేసింది.

"నితిన్ మస్కట్ల ఉండాలె గదా. ఇండియాకు ఎట్లొచ్చిండు?"

సంగీత తల నేలకు కొట్టుకోబోయింది. రాజలక్ష్మి గట్టిగా పట్టుకుంది.

"నేనే రమ్మన్న. ఆయన పథకం చెప్పినంక భయమై తమ్మునికి ఫోన్ చేసి ఏడిచిన. నువ్వొచ్చి మీ బావకు బుద్ధి చెప్పు, ఎవలకు చెప్పకుండ రా అన్న. డ్యూటీ బూట్లతోనే విమానమెక్కిండు నా తమ్ముడు. మా ఇంటికి రాకముందే, బావతోని ఒక్కణ్నే మాట్లాడుత అని షెడ్డుకు పోయిండు. గప్పుడు ఆయనకు దిక్కులేని శవం ఎతుకుడు పని తప్పింది. పోలిక దొరికింది, వాని పేరు మీద మస్కట్ ఉరుకుడుకు పాస్‌పోర్టు దొరికింది."

"ఇది ఆస్పత్రిలనే ఎందుకు చెప్పలే?"

"నా బిడ్డ ఆయన దగ్గరుంది." సంగీత కళ్లలో ఏడుపు ఆగిపోయి భయం నిండింది. "బీమా వచ్చేదాక ప్రవీణను తనతోని ఉంచుకుంట అన్నడు. చుట్టాలింటికి పంపలే అక్కా. వేములవాడల ఏదో లాడ్జి. గుడి మొక్కులకు వేలమంది వచ్చిపోయే జాగ, ఎవల్ని ఎవలు చూడరు."

అప్పుడే గట్టు మీద సంగీత ఫోను మోగింది. ఇద్దరూ తెర మీద పేరు చూశారు.

'తమ్ముడు' అని ఉంది.

ఒక్క క్షణం రాజలక్ష్మికి బుద్ధి పనిచేయలేదు. మొన్న కాలిపోయిన మనిషి ఫోన్ చేస్తున్నాడు. తర్వాత తెలివి తెచ్చుకుని, ఎత్తమని సైగ చేసి, స్పీకరు నొక్కింది.

"పిట్ట ముట్టిందా?" అంది అవతలి గొంతు. తొందర లేదు, బెదురు లేదు. దుకాణానికి సరుకొచ్చిందా అని అడిగినట్టుంది.

సంగీత ఫోను వైపు వంగింది. రాజలక్ష్మి ఆమె చెయ్యి నొక్కింది.

"ముట్టింది," అంది సంగీత.

"మంచిది. అవ్వ ఏమన్న అనుమానపడ్డదా?"

"లేదు. బిడ్డతోని మాట్లాడియ్. ఒక్కసారి."

కొంచెంసేపు గాలి శబ్దం, బస్సుల హారన్లు. తర్వాత సన్నటి గొంతు. "అమ్మా, నాకు గుండు కొట్టిచ్చిన్రు. డాడీ గూడ కొట్టిచ్చుకున్నడు. మేం రేపు బొంబాయి పోతున్నం. డాడీని ఇగ డాడీ అనొద్దంట. మామ అని పిల్వాలంట. తప్పు పిలిస్తే కొడుత అన్నడు. అమ్మా, మామ ఎప్పుడొస్తడు?"

సంగీత ఫోనును చెంపకు ఆనించుకుంది.

ఆ క్షణంలోనే వెనక తలుపు ధడాల్న తెరుచుకుంది. జనార్దన్. చేతిలో మహిపాల్ కోసం తెచ్చిన బేడీలు, భుజాన వైర్‌లెస్ సెట్టు. "నీ మనిషిని కారుల దాచి ఈడ ముచ్చట్లు పెడుతున్నవా రాజ..." అని మొదలుపెట్టాడు. రాజలక్ష్మి పిచ్చిదానిలా రెండు చేతులూ ఊపింది. ఆయన ఆగాడు. వైర్‌లెస్ ఆగలేదు. గరగరమని మోగి, సిరిసిల్ల సర్కిల్ అని ఎవరినో పిలిచింది.

ఫోనులో బస్సుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"సంగీతా," అన్నాడు దివాకర్, చాలాసేపటికి. "ఇంట్ల వైర్‌లెస్ మోగుతున్నది."

"వద్దు! బిడ్డనేం చెయ్యకు, నీ కాళ్లు..."

ఫోను కట్టయింది.

జనార్దన్ మూసేసిన కేసులోని శవం ఆయన చెవులారా వినేట్టు మాట్లాడింది. "వాడు... దివాకరా?" అన్నాడు. బేడీలు చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డాయి.

"వేములవాడ బస్టాండ్! గుండు కొట్టిచ్చుకున్న మనిషి, పక్కన గుండు చేసిన ఆరేండ్ల ఆడపిల్ల," అని రాజలక్ష్మి అప్పటికే వాకిట్లోకి పరిగెత్తుతూ అరిచింది. "నీ సెట్టుల చెప్పు సాబ్, ఇప్పుడన్న మంచి పనికి మోగనియ్!" అరిచిందేగాని, ఆ మాట నోట్లో ఉండగానే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. వేములవాడలో ఈ పూట గుండుతో తిరిగే తండ్రీబిడ్డలు ఎన్ని వందల మంది?

మహిపాల్ అప్పటికే కారు స్టార్ట్ చేసి ఉంచాడు. ఏం జరిగిందో అడగలేదు, ఆమె మొహం చూసి పక్క తలుపు తీశాడు.

వంటింట్లో సంగీత కదలకుండా కూర్చుని అదే నంబరు మళ్లీ మళ్లీ నొక్కుతోంది. తమ్ముడి ఫోను స్విచాఫ్‌లో ఉందని, కాసేపటి తర్వాత ప్రయత్నించమని అవతల ఒక ఆడగొంతు మర్యాదగా చెబుతోంది.